అమ్మకి రెండేళ్లుగా గ్యాస్ మాత్ర, స్కానింగ్ నార్మల్, అయినా తిండి సయించట్లేదు. ఇప్పుడు ఏ పరీక్ష చేయించాలి?

కాకినాడ_కాజా:
అందరికీ నమస్తే. అమ్మకి 61 ఏళ్లు, సామర్లకోటలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటుంది. రెండేళ్ల కింద తిన్నాక ఛాతిలో మంట, పుల్లటి తేన్పులు వస్తుంటే ఊళ్లో డాక్టర్ గారు యాసిడ్ తగ్గించే పాన్ ఫార్టీ రాశారు. మంట తగ్గింది, మాత్ర మాత్రం మానలేదు, రోజూ వేసేసుకుంటూనే ఉంది. ఇప్పుడు రెండు నెలలుగా వేరే కథ మొదలైంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయిందంటుంది, బొడ్డుకి పైన నొప్పి, ఉబ్బరం, ఆవకాయ వాసన చూస్తేనే వికారం. జాకెట్లు వదులైపోతున్నాయని కుట్లు వేయించుకుంటోంది. మెట్లెక్కితే ఆయాసం. స్కానింగ్ తీయిస్తే కొంచెం ఫ్యాటీ లివర్ తప్ప అంతా నార్మల్ అన్నారు, గ్యాసేనని ఇంకో సిరప్ ఇచ్చారు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ ఒకటి ఆఫర్లో ఉంది, అది చేయించనా, అమ్మని ఇక్కడికి తెచ్చేయనా, లేక నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

న్యూజెర్సీ_నానమ్మ:
బాబూ, వయసు మీద పడ్డాక అరుగుదల మందగించడం మామూలే. వాము, జీలకర్ర దోరగా వేయించి కొట్టి, మజ్జిగలో కలిపి ఇవ్వమను. రాత్రి అన్నం ఏడింటికల్లా తినేయాలి, తిన్నాక వెంటనే పడుకోకూడదు. కానీ ఆ జాకెట్ల మాట నాకు నచ్చలేదు. నేను తగ్గాలని ఏడాది నుంచి నడుస్తుంటే ఒక్క కిలో తగ్గలేదు, ఆవిడ ఏమీ చేయకుండానే తగ్గిపోతే వాముతో సరిపెట్టుకునే విషయం కాదు. డాక్టర్ల మాట కూడా విను.

డ్యూటీ_డాక్టర్:
పెద్దమ్మ గారు చెప్పింది నిజం. ప్యాకేజీ సంగతి పక్కనపెట్టి ముందు వీటికి జవాబు చెప్పండి. బరువు ఎంత తగ్గారు? మింగుతుంటే అన్నం గొంతులో గానీ ఛాతిలో గానీ పట్టేసినట్టు ఉంటోందా? వాంతులు అవుతున్నాయా, అయితే నిన్న తిన్నది ఇవాళ బయటికి వస్తోందా? మలం రంగు మారిందా? నొప్పి తింటే పెరుగుతోందా తగ్గుతోందా, రాత్రి నిద్రలోంచి లేపుతోందా? ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చిందా? బీపీ మాత్ర కాకుండా ఇంకేం మందులు వాడుతున్నారు?

మీకు స్కానింగ్ నార్మల్ అనగానే సగం ధైర్యం వచ్చినట్టుంది, అక్కడే చాలామంది పొరబడతారు. పొట్ట మీద జెల్ రాసి తీసే అల్ట్రాసౌండ్‌లో లివర్, గాల్‌బ్లాడర్, కిడ్నీలు బాగా తెలుస్తాయి. జీర్ణాశయం లోపలి గోడ మీద పుండు ఉంటే అందులో కనపడదు. అంటే మనకి అనుమానం ఉన్న చోటిని ఇంకా ఎవరూ చూడనే లేదు.

మందుల_షాపు_బాబాయ్:
గుంటూరు నుంచి. నా ప్రశ్న ఒక్కటే తమ్ముడూ, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయా? ఉంటే వాటికి ఏం వేసుకుంటున్నారో స్ట్రిప్పు ఫొటో తీసి పంపమను. 'మందులేం వాడుతున్నారు' అని అడిగితే మనవాళ్లు బీపీ, షుగర్ మాత్రలే చెప్తారు. నొప్పి మాత్ర వాళ్ల లెక్కలో మందే కాదు.

కాకినాడ_కాజా:
బాబాయ్ మీరు పట్టేశారు. ఇప్పుడే ఫోన్ చేశాను. ఎసిక్లోఫెనాక్ ఉన్న మాత్ర, రోజూ పొద్దున ఒకటి, పని ఎక్కువైతే రాత్రి ఇంకొకటి. ఏడాది పైనే అయిందట. చీటీ లేకుండానే ఇస్తారట. అది కాక పక్కింటావిడ తెచ్చిచ్చిన కీళ్ల పొడి ఒకటి.

డాక్టర్ గారు, బరువు 64 నుంచి 58కి వచ్చింది. మింగడానికి ఇబ్బంది లేదు, వాంతులు ఒకట్రెండు సార్లు. నొప్పి తిన్నాక పెరుగుతుంది. మలం గురించి అడిగితే 'ఛీ, అవన్నీ నీకెందుకు' అని ఫోన్ పెట్టేసింది. తర్వాత మా అక్కతో చెప్పిందట, మధ్యమధ్య నల్లగా వస్తోందని.

డ్యూటీ_డాక్టర్:
నల్లగా అంటే ఎలా ఉందో అక్క చేత ఇంకోసారి అడిగించండి. ఐరన్ మాత్రలు వేసుకుంటే కూడా నల్లగానే వస్తుంది, కానీ కొంచెం పచ్చదనం కలిసి, మామూలుగా గట్టిగా ఉంటుంది. జీర్ణాశయంలో రక్తం కారితే తారులా నల్లగా మెరుస్తూ, అంటుకుపోతూ, ఘోరమైన వాసనతో వస్తుంది, నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోరు.

అమ్మగారికి ఐరన్ మాత్రలు లేవు. నొప్పి మాత్ర ఏడాదిగా ఉంది, 60 దాటిన వయసు, బరువు ఆరు కిలోలు తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం ఉంది. కాబట్టి ప్యాకేజీ వద్దు. రేపే రక్త పరీక్ష, ఈసీజీ, ఈ వారంలోనే ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి జీర్ణాశయం లోపల చూసే పరీక్ష. నొప్పి మాత్ర, ఆ పొడి ఇవాళ్టి నుంచి బంద్, మోకాళ్లకి అవసరమైతే పారాసెటమాల్. పాన్ ఫార్టీ ఆపకండి. ఈలోగా రక్తపు వాంతి అయినా, కాఫీ పొడిలాంటి వాంతి అయినా, కళ్లు తిరిగి పడిపోయినా, చెమటలు పట్టి నాడి వేగంగా కొట్టుకున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

కాకినాడ_కాజా:
ఈసీజీ ఎందుకు సార్? నొప్పి కడుపులో కదా.

రాజమండ్రి_రిటైర్డ్:
నేను చెప్తాను. మాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకాయన పెళ్లి భోజనం చేసి వచ్చి పొట్ట పైభాగంలో పట్టేసినట్టుంది, గ్యాస్ అన్నారు. సోడా తాగారు, తేన్పు వచ్చింది, కాస్త తేలికైంది అన్నారు కూడా. కానీ చొక్కా తడిసిపోయేంత చెమట పట్టింది. ఆయన భార్య ఊరుకోకుండా ఆటో ఎక్కించి తీసుకెళ్తే గుండె కింది భాగంలో అటాక్ అన్నారు. స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు, మాతో వాకింగ్‌కి వస్తారు. ఆ తేన్పు వచ్చిందనే ధైర్యంతో ఆవిడ కూడా పడుకుని ఉంటే ఏమయ్యేదో.

డ్యూటీ_డాక్టర్:
రాజమండ్రి గారు చెప్పింది పొల్లు పోకుండా నిజం. గుండె కింది గోడ ఛాతికీ పొట్టకీ మధ్య పొర, అదే డయాఫ్రం, దాని మీద ఆని ఉంటుంది, అక్కడికి రక్తం ఆగితే నొప్పి పొట్ట పైభాగంలో తెలుస్తుంది, వికారం, వాంతి కూడా ఉంటాయి. జెలుసిల్ తాగితే తగ్గింది కాబట్టి గుండె కాదు అనే లెక్క పనికిరాదు. నడుస్తుంటే, మెట్లెక్కుతుంటే వచ్చి, ఆగితే తగ్గే 'గ్యాస్' ఏదైనా ముందు గుండెదే అనుకోవాలి. మంట గొంతు దాకా పాకడం, వంగినా పడుకున్నా పెరగడం, నోట్లోకి పుల్లనీళ్లు రావడం యాసిడ్ వైపు చూపిస్తాయి. చెమట, దవడకో ఎడమ చేతికో పాకే బరువు, ఊపిరాడకపోవడం గుండె వైపు చూపిస్తాయి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఈ గుర్తులు సరిగా ఉండకపోవచ్చు. మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చినా అనుమానం ఉంటే కొన్ని గంటల తర్వాత ఇంకోసారి తీస్తారు, ట్రోపోనిన్ రక్త పరీక్ష కూడా మళ్లీ చేస్తారు, మొదటి కాగితం చూసి ఇంటికి వచ్చేయకూడదు.

మీ అమ్మగారి ఆయాసం రక్తం తగ్గడం వల్లే అని నా అనుమానం. కానీ 61 ఏళ్ల మనిషికి ఈసీజీ తీయకుండా ఆ మాట అనను.

ఓరుగల్లు_ల్యాబ్:
ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ప్యాకేజీ గురించి నేను చెప్పాలి. అందులో డెబ్భై ఎనభై పరీక్షలు అని రాస్తారు, సగం ఒకే రక్తం బొట్టు నుంచి మిషన్ లెక్కగట్టే అంకెలు. మీకు ఇప్పుడు కావలసింది సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, దానిలో హిమోగ్లోబిన్‌తో పాటు ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ, ఆపైన ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్. కొన్ని ప్యాకేజీల్లో 'హెచ్ పైలోరీ యాంటీబాడీ' అని పెట్టి ఊరిస్తారు, హెచ్ పైలోరీ అంటే జీర్ణాశయంలో చేరి పుండు తెప్పించే క్రిమి. ఆ రక్త పరీక్ష పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి సోకింది అని మాత్రమే అర్థం, ఇప్పుడు ఉందో లేదో చెప్పదు. మన దేశంలో సగం మందికి పైగా అది సోకే ఉంటుంది. ఇప్పుడు ఉందా అని తెలియాలంటే ఊపిరి ఊదే యూరియా బ్రెత్ టెస్ట్, మలంలో యాంటిజెన్ పరీక్ష, లేదా ఎండోస్కోపీలో ముక్క తీసి చేసే పరీక్ష. వీటికి పాన్ లాంటి మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపి ఉండాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని వచ్చే అవకాశం ఉంది.

కాకినాడ_కాజా:
అయ్యో, పాన్ ఆపకండి అని డాక్టర్ గారు అన్నారు, మీరు రెండు వారాలు ఆపాలి అంటున్నారు. ఏది వినాలి?

డ్యూటీ_డాక్టర్:
ఇద్దరి మాటా నిజమే, ఇక్కడ ఏది ముందు అన్నదే ప్రశ్న. ప్రమాద గుర్తులు లేని ముప్పై ఏళ్ల మనిషికైతే రెండు వారాలు ఆపి తీరిగ్గా బ్రెత్ టెస్ట్ చేస్తాం. అమ్మగారి విషయంలో రక్తం కారుతోందన్న అనుమానం ఉంది, ఆపితే ఇంకా కారుతుంది. కాబట్టి మాత్ర మీదే ఎండోస్కోపీ. ముక్క పరీక్ష నెగెటివ్ వస్తే తర్వాత ఇంకోసారి చూసుకోవచ్చు.

మందుల_షాపు_బాబాయ్:
పాన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను, పొద్దున బిర్యానీ పార్సిల్ చేతిలో పట్టుకుని వచ్చి, తిన్నాక వేసుకుంటా ఒక పాన్ ఇవ్వు బాబాయ్ అంటారు. అది పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే డబ్బులు దండగ. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. అలాగని ఇది చదివి రేపటి నుంచి టక్కున మానేయకండి, చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎదురు తన్నినట్టు కొన్నాళ్లు మంట ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు 'చూశావా, మాత్ర లేకపోతే బతకలేను' అనుకుని మళ్లీ మొదలుపెడతారు. డాక్టర్‌ని అడిగి నెమ్మదిగా తగ్గించుకోవాలి.

ఇంకా పాత గ్యాస్ మాత్ర రాంటాక్ అడిగేవాళ్లు ఉన్నారు. అందులో ఉండే రానిటిడిన్‌లో, క్యాన్సర్ తేవచ్చని అనుమానమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం తేలిందని అమెరికాలో 2020లో మార్కెట్ నుంచి తీసేయించారు, మన అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తొలగించారు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి, నాదీ ఇదే బాధ అనిపిస్తోంది. 29 ఏళ్లు. ఆఫీసుకి బయలుదేరే ముందు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మూడు నాలుగు సార్లు బాత్రూమ్, వెళ్లొస్తే హాయి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం నరకం, సెలవు పెట్టి ఊరెళ్తే ఏమీ ఉండదు. రెండేళ్లుగా ఇంతే. ప్రతిసారీ అమీబా అని ఆఫ్లాక్సాసిన్ ఆర్నిడజోల్ ఐదు రోజుల కోర్సు ఇస్తారు, పది రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. గూగుల్ చేస్తే పెద్దపేగు క్యాన్సర్ అని వస్తోంది. నేనూ ఎండోస్కోపీ చేయించుకోవాలా?

డ్యూటీ_డాక్టర్:
మీది ఇది కాదు, అసలు ఆ దారే కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఐబీఎస్‌లా ఉంది, అంటే పేగులో పుండూ గడ్డా ఏమీ లేకుండా పేగు కదలిక, నరాల సున్నితత్వం అదుపు తప్పడం. దీన్ని తేల్చడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ 4 అనే కొలమానాలు ఉన్నాయి. మొదలై కనీసం ఆరు నెలలు అయుండాలి, గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండాలి, ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం, ఎన్నిసార్లు వెళ్తున్నామన్నదాంట్లో మార్పు, మలం రూపంలో మార్పు, ఈ మూడింటిలో రెండు ఉండాలి. మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే దాదాపు అన్నీ వచ్చేశాయి.

నాకు ఇంకా కావలసినవి: బరువు తగ్గారా, రక్తం పడుతోందా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా, నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వస్తోందా?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
బరువు పెరిగాను సార్, క్యాంటీన్ పుణ్యం. రక్తం, జ్వరం లేవు. నేను పడుకునేదే పగలు, ఆ పగటి నిద్రలోంచి కూడా లేపదు.

డ్యూటీ_డాక్టర్:
మంచిది. పేగు జబ్బుకి మనం పడుకునే వేళతో పనిలేదు, నిజంగా లోపల వాపో పుండో ఉంటే నిద్రలోంచీ లేపుతుంది. సీబీసీ, ఒంట్లో వాపు చూపించే సీఆర్‌పీ, థైరాయిడ్, మలంలో కాల్‌ప్రొటెక్టిన్, గోధుమ పడకపోవడం చూసే టీటీజీ, ఇంతే. కాల్‌ప్రొటెక్టిన్ నార్మల్ అయితే పేగులో వాపు లేదనే చెప్పొచ్చు, పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ జోలికి వెళ్లనక్కర్లేదు. బరువు తగ్గి, సాయంత్రం జ్వరం, కుడివైపు కింది పొట్టలో నొప్పి ఉండుంటే నా మాట వేరేగా ఉండేది, మన దగ్గర పేగు టీబీ తక్కువేం కాదు, అది చూడ్డానికి క్రోన్స్ అనే దీర్ఘకాలపు పేగువాపు జబ్బులాగే ఉంటుంది, ముక్క తీసి పరీక్షిస్తే గానీ తేలదు, ఒక్కోసారి తీసినా తేలదు.

అమీబా పేరుతో మాటిమాటికీ యాంటీబయాటిక్ వేసుకోవడం మాత్రం ఆపండి. రోజుకి టీలు ఎన్ని?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
షిఫ్ట్‌లో ఐదారు. ఇరానీ చాయ్ అదనం.

ఓరుగల్లు_ల్యాబ్:
అన్నా, దొరికిపోయావ్. పాలు రెండు వారాలు పూర్తిగా మానేసి చూడు, టీ కూడా బంద్. మనలో పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగనివాళ్లు చాలామంది. పెరుగు, మజ్జిగ మాత్రం చాలామందికి పడతాయి, తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత ఖర్చయిపోతుంది. హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ ఉంది కానీ రెండు వారాలు మానడానికి పైసా ఖర్చు లేదు కదా. బాత్రూమ్ విషయం డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గైతే బ్రిస్టల్ చార్ట్ అని ఉంటుంది, మలం రూపాన్ని ఏడు రకాలుగా బొమ్మలు వేసి పెట్టారు, నాకు ఆరో రకం సార్ అంటే చాలు, ఆయనకి అర్థమైపోతుంది.

భీమవరం_బుల్లోడు:
నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నాకు రాత్రి బిర్యానీ తిన్న రెండు గంటలకి కుడి డొక్క పైన, పక్కటెముకల కింద పట్టుకునేది, కుడి భుజం వెనక్కి లాగేది, గంటో రెండు గంటలో మెలికలు తిరిగాక దానంతటదే తగ్గేది. ఇడ్లీ తిన్న రాత్రి ఏమీ ఉండదు. అందరూ గ్యాసే అన్నారు, ఈనో తాగి తాగి విసుగొచ్చింది. పరగడుపున స్కానింగ్ తీస్తే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. లాప్రోస్కోపీలో తీయించుకున్నాను, మళ్లీ రాలేదు. కాబట్టి కాజా గారూ, స్కానింగ్ ఎందుకూ పనికిరాదని కాదు, నాకు అదే పట్టించింది.

ఇప్పుడు మా బావగారికి వేరే పని మీద స్కానింగ్ తీస్తే రాళ్లు కనపడ్డాయి. నొప్పి ఎప్పుడూ లేదు. ఆపరేషన్ చేయించుకోమని నేను వెంటపడుతున్నాను.

డ్యూటీ_డాక్టర్:
వెంటపడకండి. నొప్పి లేని రాళ్లకి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, చాలామంది వాటితోనే హాయిగా ఉంటారు. నొప్పి మొదలైనా, జ్వరం, కామెర్లు వచ్చినా అప్పుడు ఆలస్యం చేయకూడదు. పొట్ట మధ్యలో మొదలై వీపులోకి దూసుకుపోయే భరించలేని నొప్పి, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తేలికవడం, ఇది పాంక్రియాస్ వాపు కావచ్చు. రాళ్లున్నవాళ్లకీ, మందు ఎక్కువ తాగేవాళ్లకీ వస్తుంది, నేరుగా ఎమర్జెన్సీకే. బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగి అక్కడే నిలబడిపోతే అపెండిక్స్.

నల్లగొండ_నాగలి:
కామెర్లు అన్నారు కదా. మా చిన్నాయన కొడుక్కి కళ్లు పచ్చగా అయినయ్, ఊళ్లె పసరు పోయిస్తున్నరు. నేను దవాఖానకు పోదామంటే 'పసరుకే తగ్గుతది, ఎంతమందికి తగ్గలేదు' అంటున్నరు. నిజంగానే చానామందికి తగ్గింది, అది నేనూ చూసిన.

డ్యూటీ_డాక్టర్:
తగ్గడం నిజమే అన్నా, ఎందుకంటే కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకి పోతుంది. కానీ కామెర్లన్నీ అవే కాదు. కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే బిలిరుబిన్, లివర్ ఎంజైములు, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ ఐఎన్ఆర్, స్కానింగ్ చేయిస్తే ఏ రకమో తెలుస్తుంది. మలం తెల్లగా సున్నంలా వస్తూ ఒళ్లంతా దురద ఉంటే పైత్యరసం దారి ఎక్కడో మూసుకుపోయింది, దానికి పసరు ఏం చేయలేదు. తమ్ముడు మగతగా ఉన్నా, మాట తడబడినా, ఇంట్లో గర్భిణి ఎవరికైనా కామెర్లు వచ్చినా క్షణం ఆగొద్దు, గర్భంతో ఉన్నప్పుడు హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు.

మోడరేటర్:
అసలు చర్చ కాకినాడ_కాజా గారి అమ్మగారి గురించి. మిగతా ప్రశ్నలు కూడా ఉపయోగపడేవే కాబట్టి తీసేయట్లేదు. పసరు మందు ఇచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను, దయచేసి మళ్లీ పెట్టకండి.

కాకినాడ_కాజా:
ఆలస్యానికి క్షమించాలి, ఆసుపత్రి హడావిడిలో ఉన్నాం. హైదరాబాద్ తేలేదు, కాకినాడలోనే చేయించాను. ఈసీజీలో ఏమీ లేదు. హిమోగ్లోబిన్ 8.1, ఎంసీవీ, ఫెరిటిన్ కూడా బాగా తక్కువ. అమ్మ ఎండోస్కోపీ అనగానే ఏడుపు మొదలుపెట్టింది, గొంతులో స్ప్రే కొట్టి పది నిమిషాల్లో తీసేశారు, బయటికొచ్చి 'ఇంతేనా' అంది. జీర్ణాశయం చివర్లో పెద్ద పుండు, దాని అంచుల నుంచి ముక్కలు తీశారు. బయాప్సీ రిపోర్ట్ వచ్చేదాకా మాకెవరికీ నిద్ర లేదు. క్యాన్సర్ కాదు అని వచ్చింది. హెచ్ పైలోరీ పాజిటివ్. రెండూ కలిసే ఇంత పని చేశాయట, నొప్పి మాత్రా, ఈ క్రిమీ. 14 రోజులు నాలుగు రకాల మందుల కోర్సు, ఐరన్, రెండు నెలల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ అన్నారు.

రెండు సందేహాలు. క్యాన్సర్ కాదని వచ్చాక మళ్లీ ఎండోస్కోపీ ఎందుకు? అమ్మ కారం ఎక్కువ తింటుంది, పుండు దానివల్ల కాదంటారా? ఇంట్లో అందరూ ఆవకాయ జాడీని దోషిగా నిలబెట్టారు.

మందుల_షాపు_బాబాయ్:
గుంటూరువాణ్ణి, మా మిరపకాయ తరఫున నేను వాదిస్తా. పుండుకి ముఖ్య కారణాలు ఆ క్రిమి, నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అని ఇద్దరు డాక్టర్లు అల్సర్ వెనక బ్యాక్టీరియా ఉందంటే ఎవరూ నమ్మలేదు, యాసిడ్లో క్రిమి బతుకుతుందా అని నవ్వారు. 1984లో మార్షల్ ఆ క్రిమిని పెంచిన ద్రవాన్ని తానే తాగేసి, జీర్ణాశయం వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఉన్న పుండు మీద కారం పడితే మంటెక్కొచ్చు, కాబట్టి మానేదాకా ఆవకాయకి సెలవు ఇవ్వండి, జాడీని పారేయకండి.

కోర్సు మాత్రం సగంలో ఆపనివ్వకండి. నోరు చేదుగా ఉంటుంది, వికారంగా ఉంటుంది, మలం మళ్లీ నల్లగా వస్తుంది, ఐరన్ వల్లా, ఆ మందుల్లో బిస్మత్ ఉంటే దానివల్లా. అప్పుడు కంగారు పడొద్దు. కానీ తారులా జిగటగా వస్తే డాక్టర్ గారు చెప్పింది గుర్తుంచుకోండి.

డ్యూటీ_డాక్టర్:
డుయోడినంలో, అంటే జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదట్లో, పుండు అయితే సాధారణంగా మళ్లీ చూడం. జీర్ణాశయంలో పుండుకి మాత్రం మానిందో లేదో కళ్లతో చూడాలి, కొన్నిసార్లు క్యాన్సర్ కూడా మామూలు పుండులా కనపడుతుంది, తీసిన ముక్కలో పడకపోవచ్చు. భయపెట్టడానికి కాదు, మానితే ఆ అనుమానం పూర్తిగా పోతుంది. క్రిమి పోయిందో లేదో కూడా కోర్సు అయిన నెల తర్వాత పరీక్ష చేయాలి, దానికి ముందు పాన్ రెండు వారాలు ఆపాలా అని మీ డాక్టర్‌నే అడగండి. హిమోగ్లోబిన్ అనుకున్నంత పెరగకపోతే పెద్దపేగు కూడా చూడమంటారు, ఈ వయసులో రక్తం తగ్గితే రెండు వైపులా వెతకడం మా పద్ధతి. మోకాళ్లకి ఇక ఆ మాత్ర వద్దు, ఎముకల డాక్టర్‌కి ఈ రిపోర్ట్ చూపించి అడగండి.

పాలమూరు_పిల్ల:
అర్జెంట్. మా పాపకి ఏడాదిన్నర. నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు, ఏడెనిమిది సార్లు. వాంతులు తగ్గాయి. షాపులో ఓఆర్‌ఎస్ అంటే తియ్యటి డబ్బా డ్రింక్ ఇచ్చారు, పాప ఇష్టంగా తాగుతోంది కానీ విరేచనాలు ఎక్కువైనట్టు ఉంది.

మందుల_షాపు_బాబాయ్:
ఆ డబ్బా పక్కన పడేయమ్మా. అందులో చక్కెర మోతాదు మించి ఉంటుంది, పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అని రాయకూడదని చెప్పింది. డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్ అడుగు. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి మొత్తం ఒకేసారి కలపాలి, చిన్నవి 200 మిల్లీలీటర్లకి, ప్యాకెట్ మీద చూసుకో. 24 గంటలు దాటితే పారబోయాలి.

డ్యూటీ_డాక్టర్:
స్పూనుతో కొంచెం కొంచెంగా, ప్రతి విరేచనం తర్వాత. తల్లిపాలు, మెత్తటి అన్నం ఆపకండి. జింక్ 20 ఎంజీ 14 రోజులు, విరేచనాలు ఆగినా పూర్తి చేయాలి. పెద్దవాళ్లు వేసుకునే విరేచనాలు ఆపే మాత్ర ముక్క చేసి కూడా ఇవ్వొద్దు. పాప ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, తాగలేకపోయినా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రి.

పాలమూరు_పిల్ల:
మూత్రం పోస్తోంది, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయి. ప్యాకెట్ తెప్పించాను. థాంక్యూ సార్, థాంక్యూ బాబాయ్.

విశాఖ_వలస:
ఇంత ఓపిగ్గా చెప్తున్నారు కాబట్టి నాదీ అడిగేస్తా. 47 ఏళ్లు. మలంతో పాటు రక్తం పడుతోంది, నాలుగు నెలలుగా. నొప్పి లేదు. మొలలే అనుకుని కరెంటు స్తంభం మీద బోర్డు చూసి 'ఆపరేషన్ లేకుండా గ్యారంటీ' దగ్గరికి వెళ్దామనుకుంటున్నా. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు.

డ్యూటీ_డాక్టర్:
ఆవిడ మాట వినండి. మలం చివర్లో ఎర్రటి చుక్కలు నొప్పి లేకుండా పడితే మొలలు కావచ్చు, గాజు పెంకుతో కోసినట్టు నొప్పి ఉంటే ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక. కానీ రక్తం మలంలో కలిసిపోయి ఉన్నా, ముదురు రంగులో ఉన్నా, ఈమధ్య మలబద్ధకం, విరేచనం మారిమారి వస్తున్నా, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు అనిపిస్తున్నా లోపల చూడాల్సిందే. 45 దాటాక, మొలలు కంటికి కనపడుతున్నా సరే, వాటి పైన ఇంకేమైనా ఉందేమో చూడాలి. మొలలున్న మనిషికి పెద్దపేగు క్యాన్సర్ రాదని ఎక్కడా లేదు. సర్జన్ వేలితో పరీక్ష చేస్తారు, తర్వాత కొలనోస్కోపీ. బోర్డు వాళ్ల దగ్గర ఏదో ఇంజెక్షన్ చేసి, చీము పట్టి మా వార్డుకి వచ్చినవాళ్లని చూశాను.

విశాఖ_వలస:
సరే సార్, అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ముందు రోజు పేగు ఖాళీ కావడానికి ఏదో ద్రావణం రెండు లీటర్లు తాగాలంటున్నారు, దానికే భయంగా ఉంది. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

న్యూజెర్సీ_నానమ్మ:
నేను చేయించుకున్నాను బాబూ. పరీక్ష ఏమీ తెలియదు, ఆ ద్రావణమే పరీక్ష. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా చేసుకో, స్ట్రా వేసుకుని తాగు, మధ్యలో నిమ్మరసం చప్పరిస్తే వికారం తగ్గుతుంది. ముందు రెండు రోజులు ఆకుకూరలు, గింజలున్న కూరలు, వంకాయ, బెండకాయ వద్దు, తెల్లన్నం మజ్జిగ చాలు. ఎరుపు రంగు జ్యూసులు అసలు తాగకు, లోపల రక్తంలా కనపడి డాక్టర్‌ని కంగారు పెడుతుంది. బాత్రూమ్ పక్క గదిలోనే మకాం పెట్టు.

ఓరుగల్లు_ల్యాబ్:
ఐరన్ మాత్రలు వాడుతుంటే వారం ముందే ఆపమంటారు, రక్తం పలచబరిచే మాత్రలు ఉంటే తప్పకుండా ముందుగా చెప్పు, సొంతంగా ఆపకు. మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు బండి నడపొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు అన్నా.

విశాఖ_వలస:
మా బామ్మర్ది ఖాళీగానే ఉన్నాడు, వాణ్ణి పట్టుకెళ్తా. గురువారం పొద్దున తొమ్మిదింటికి.